సింగపూరులో తొలి దీపావళి: కొత్తగా వచ్చినవారు పండుగలో ఎలా కలవాలి

ఉద్యోగం మీద సింగపూరుకు వచ్చిన తెలుగు కుటుంబాలకు మొదటి దీపావళి కొంత తికమకగానే ఉంటుంది. వీధి పొడవునా దీపాల తోరణాలు, ప్రభుత్వ సెలవు, అంగళ్ళ నిండా ప్రమిదలు, మల్లెచెండ్లు అన్నీ ఉంటాయి గాని, మనం ఎరిగిన పండుగ మాత్రం ఎక్కడా కనిపించనట్టు ఉంటుంది. కారణం పెద్దదేమీ కాదు. ఈ ఊళ్ళో దీపావళిని తరతరాలుగా నిలబెట్టినవారు తమిళులు. వారికి పండుగ తెల్లవారుజామున తలంటుతో మొదలై, మధ్యాహ్నానికి బంధువుల ఇళ్ళలో నిండుగా సాగుతుంది. మనం కూడా నరకచతుర్దశి నాడు తలంటుకుంటాం గాని, అమావాస్య సాయంత్రం లక్ష్మీపూజ చేసి, గడప దగ్గర దీపాల వరుస పెట్టేదాకా మనకు పండుగ వచ్చినట్టు అనిపించదు. అందుచేత నేను సూచించే పద్ధతి ఒక్కటే: పగలు ఈ ఊరివారి పండుగకు అతిథిగా వెళ్ళండి, సాయంత్రం మీ తలుపు తెరిచి, ఇరుగుపొరుగువారిని, మీలాగే పరాయి దేశాల నుంచి వచ్చి ఇక్కడ పనిచేస్తున్న సహోద్యోగులను పిలవండి. ఇందుకు నెల ముందు నుంచి ఏమేమి చేసుకోవాలో వరుసగా చెబుతాను.

మొదట తేదీ చూసుకోండి

సింగపూరులో సంవత్సరానికి ఉన్న 11 ప్రభుత్వ సెలవుల్లో దీపావళి ఒకటి. చైనా నూతన సంవత్సరం, రంజాన్, బక్రీద్, వెసాక్, క్రిస్మస్‌ల సరసన దానికీ చోటు ఉంది (వెసాక్ అంటే బుద్ధపూర్ణిమ). సెలవు ఆదివారం నాడు పడితే సోమవారం కూడా సెలవు ఇస్తారు; 2026లో నవంబరు 8 ఆదివారం కాబట్టి, మరునాడు కూడా మీరు ఇంట్లోనే ఉండవచ్చు. ఈ సెలవు తమిళుల లెక్క ప్రకారం వచ్చేది. చతుర్దశి తెల్లవారుజామున ఉండి, సాయంత్రానికి అమావాస్య వచ్చేస్తే వారి పండుగా మన పండుగా ఒకే రోజున పడతాయి. అలా కుదరని ఏడు మాత్రం లక్ష్మీపూజ మరునాటి సాయంత్రానికి జరుగుతుంది. అప్పుడు ఆ రెండో రోజుకు ముందుగానే సెలవు పెట్టుకోవాలి, లేదా ఆఫీసు నుంచి పెందలాడే బయలుదేరే ఏర్పాటు చేసుకోవాలి. తిథిని మన దేశంలోని పంచాంగం నుంచి నేరుగా తీసుకోకండి. సింగపూరు గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు నడుస్తుంది. ఆ సవరణ చేసుకోకపోతే పూజ వేళ తారుమారవుతుంది.

శుభాకాంక్షలు చెప్పేటప్పుడు ఇక్కడ 'హ్యాపీ దీపావళి' అంటే చాలు. తమిళ మిత్రులతో 'దీపావళి వాళ్‌తుక్కళ్' అంటే వారి ముఖం వికసిస్తుంది. ఉత్తరాది సహోద్యోగులు 'దివాలీ' అంటారు. తెలుగు చెవికి అది దివాలాకు మరీ దగ్గరగా వినిపిస్తుంది గాని, వారి ముందు ఆ మాట నవ్వుతూ అనడం కూడా మంచిది కాదని అనుభవం మీద చెబుతున్నాను.

రెండు మూడు వారాల ముందు లిటిల్ ఇండియాకు రెండుసార్లు వెళ్ళండి

లిటిల్ ఇండియా అంటే ఇక్కడి భారతీయుల పేట. ఒకసారి చూడడానికి, ఒకసారి కొనడానికి. రెండు పనులూ ఒకే సాయంత్రం పెట్టుకుంటే ఏదీ తెమలదు. చూడడానికైతే విదేశీ సహోద్యోగులను వెంటబెట్టుకుని వెళ్ళండి. సెరంగూన్ రోడ్డు మీద దీపాల అలంకరణ పండుగకు చాలా వారాల ముందే వెలుగుతుంది. లిటిల్ ఇండియా స్టేషన్‌లో దిగి, నడుచుకుంటూ ఫారర్ పార్క్ స్టేషన్ వైపు వెళితే మొత్తం చూసినట్టవుతుంది. అలసిపోతే అక్కడే రైలెక్కవచ్చు. సెరంగూన్ రోడ్డులో వాహనాలు ఒకే దిక్కుకు జోరుగా నడుస్తాయి కాబట్టి, ఫొటో కోసం నడిరోడ్డున నిలబడేవారిని మీరే వెనక్కి లాగవలసి వస్తుంది.

చీకటి పడకముందు ఒక గంట దొరికితే, క్యాంప్‌బెల్ లేన్‌లో 2015లో తెరిచిన ఇండియన్ హెరిటేజ్ సెంటర్‌ను చూపించండి. భారతీయులు ఈ ద్వీపానికి ఎప్పుడు, ఎందుకు వచ్చారో అక్కడ తెలుస్తుంది. ఈ పేటకు ఉన్న పేర్లే పెద్ద కథ. ఒకప్పుడు ఇక్కడ పశువుల వ్యాపారం సాగేది. బఫెలో రోడ్డు పేరు అలా వచ్చిందే. మలయ్ వారు 'కండంగ్ కెర్బావ్', అంటే గేదెల దొడ్డి అన్నారు. హొక్కియెన్ మాట్లాడే చైనావారు చిన్న వెదురుపొదల పాదం అనే అర్థంలో 'టెక్కా' అన్నారు. ఆ హొక్కియెన్ పేరు పెట్టుకున్న సంతలోనే ఈరోజు మనం మామిడాకులు కొంటున్నాం.

గుడికి తీసుకువెళ్ళేటట్టయితే సెరంగూన్ రోడ్డు మీదే శ్రీ వీరమాకాళి అమ్మవారి ఆలయం, ఇంకా ముందుకు పోతే శ్రీనివాస పెరుమాళ్ ఆలయం ఉన్నాయి. రెండోది తెలుగువారికి మరింత దగ్గరగా తోస్తుంది. పెరుమాళ్ అని తమిళంలో పిలిచినా ఆయన మన వేంకటేశ్వరుడే. అతిథులకు ముందే నాలుగు మాటలు చెప్పి ఉంచండి: చెప్పులు బయట విడవాలి, కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కోవాలి, భుజాలూ మోకాళ్ళూ కప్పుకోవాలి, గర్భగుడి వైపు ఫొటో తీయకూడదు. మధ్యాహ్నం గుళ్ళు మూసి ఉంటాయి కాబట్టి ఉదయమో సాయంత్రమో వెళ్ళడం మేలు. దీపావళికి కొద్ది రోజుల ముందు ఈ పెరుమాళ్ గుడి నుంచి బయలుదేరిన భక్తులు నాలుగు కిలోమీటర్ల దూరం నడిచి, చైనాటౌన్‌లో 1827 నాటి శ్రీ మారియమ్మన్ ఆలయంలో నిప్పుల గుండం తొక్కుతారు. విదేశీ మిత్రులు దీన్ని దీపావళిలో భాగమని అనుకుంటారు. అది ద్రౌపదమ్మ మొక్కు అని, వేరే ఉత్సవమని వివరించండి.

మరొక సంగతి మీ మిత్రులకు తప్పక చెప్పాలి. 2015లో వచ్చిన చట్టం ప్రకారం లిటిల్ ఇండియా మద్యనియంత్రణ మండలం. సెలవు ముందురోజు సాయంత్రం 7 గంటల నుంచి సెలవు మరునాటి ఉదయం 7 వరకు అక్కడ బహిరంగ ప్రదేశంలో తాగడం నేరం. శని, ఆదివారాల్లోనూ ఇదే కట్టడి ఉంటుంది. పండుగ సందడి చూస్తూ చేతిలో బీరు డబ్బాతో తిరగవచ్చనుకునే సహోద్యోగి ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు.

కొనుగోళ్ళు, ముఖ్యంగా నూనె

రెండోసారి వెళ్ళేటప్పుడు పనిదినం ఉదయం వెళ్ళండి. పండుగ ముందటి శని, ఆదివారాల్లో క్యాంప్‌బెల్ లేన్ బజారులో ఒక్క ప్రమిద కొనాలన్నా జనం భుజాలు ఒరుసుకుంటూ నడవాలి. పూలు, అరటాకులు, మామిడాకులు బఫెలో రోడ్డు అంగళ్ళలోనూ టెక్కా సంతలోనూ దొరుకుతాయి. బట్టలకు టెక్కా పై అంతస్తు చూడండి. తమిళ దుకాణదారుకు 'వత్తులు' అంటే అర్థం కాదు. 'తిరి' అని అడగండి. సీకాయకు 'సీయక్కాయ్' అంటారు.

నువ్వుల నూనె దగ్గర మాత్రం ఆగి చెప్పాలి. ఇక్కడికి వచ్చిన మొదటి ఏడు, పండుగ ముందురోజు హడావుడిలో ఇంటి కింది సూపర్‌మార్కెట్‌లో 'సెసమీ ఆయిల్' అని రాసి ఉన్న సీసా తెచ్చాను. రంగు కాస్త ముదురుగా ఉంది గాని, అంతకంటే ఆలోచించలేదు. సాయంత్రం పదకొండు ప్రమిదల్లో పోసి వెలిగించాక, పది నిమిషాలకు కారిడార్ అంతా వేయించిన నూడుల్స్ వాసన. ఎదురింటి చైనా ఆంటీ తలుపు తెరిచి, గాలి పీల్చి, 'ఏం వండుతున్నావు?' అని అడిగారు. చైనా వంటలో వాడే ఆ నూనెను నువ్వులు బాగా వేయించి తీస్తారు. కూరలో నాలుగు చుక్కలు వేసుకోవడానికే అది పనికివస్తుంది. దీపానికీ, తలంటుకూ కావలసింది వేయించని నువ్వులతో తీసిన లేత పసుపుపచ్చ నూనె. లిటిల్ ఇండియా దుకాణాల్లో 'నల్లెణ్ణెయ్' అని అడిగితే అదే ఇస్తారు. నేను తప్పు తెలుసుకుని ఆ పదకొండు ప్రమిదలూ కడిగేసరికి అమావాస్య చీకటి సగం గడిచింది. ఆంటీకి మాత్రం ఆ సంగతి ఇప్పటికీ నవ్వులాటే. ఏటా పండుగకు ముందు 'ఈసారి నూనె సరైనదేనా' అని అడుగుతారు.

బాణసంచా జాబితాలో రాసుకోకండి. సింగపూరులో 1972 నుంచి బాణసంచా నిషేధం. ఔటు, చిచ్చుబుడ్డి, భూచక్రం, తారాజువ్వ ఏవీ కుదరవు. కాల్చినవారి మీద కేసులు పెట్టిన సందర్భాలు పండుగ రోజుల్లోనే ఉన్నాయి. ఇక్కడి దుకాణాల్లో అమ్మే చిన్న కాకరపువ్వొత్తులతోనే పిల్లలను తృప్తి పరచాలి. అవి కూడా ఆరుబయట, పక్కన బకెట్టు నీళ్ళు పెట్టుకుని కాల్చండి. ఊరి నుంచి వచ్చే బంధువుల పెట్టెలో మతాబులు తెప్పించుకునే ఆలోచన అసలే వద్దు. విమానంలోనే అది నేరం. మా ఊళ్ళో పిల్లలు గోగుకాడలకు నూనెగుడ్డలు చుట్టి దివిటీలు తిప్పేవారు. తిప్పి వచ్చి కాళ్ళు కడుక్కుని, లోపలికి రాగానే నోట్లో తీపి పెట్టేవారు. ఆ దివిటీలకు ఇక్కడ చోటు లేదు. కాళ్ళు కడిగి తీపి పెట్టడం మాత్రం కాకరపువ్వొత్తుల తర్వాత కూడా చేయవచ్చు, మేము చేస్తున్నాం.

కారిడార్‌ను సిద్ధం చేయడం

చాలామంది ప్రభుత్వం కట్టించిన హెచ్‌డీబీ ఫ్లాట్లలో అద్దెకు ఉంటారు. 1989 నుంచి అమలులో ఉన్న విధానం వల్ల ఏ జాతివారూ ఒక బ్లాకులో పరిమితికి మించి ఉండరు. అందుకే మీ అంతస్తులో చైనావారు, మలయ్‌వారు, తమిళులు పక్కపక్కనే ఉంటారు. ఈ విధానంలోని మంచిచెడ్డల మీద వాదనలు ఉన్నాయి గాని, దీపావళి వేళ దానివల్ల మనకు కలిగేది లాభమే. ఎదురింటి గుమ్మం పక్కన ఎర్రటి చిన్న గూడులో రోజూ అగరువత్తులు వెలిగించే పెద్దావిడకు, గడప దగ్గర నిప్పు ఎందుకు పెడతారో మీరు విప్పి చెప్పనక్కరలేదు.

అయినా కారిడార్ మీది కాదు, అందరిదీ. అగ్నిమాపక నియమాల ప్రకారం నడిచే దారి కనీసం 1.2 మీటర్లు ఖాళీగా ఉండాలి. ప్రమిదలు గోడ వెంబడి, మీ గుమ్మానికి ఆనుకుని మాత్రమే పెట్టండి. చెప్పుల అర, పాత పత్రికల కట్ట, సైకిలు పక్కన దీపం పెట్టకండి. తలెత్తి పైకి కూడా చూడండి. వెదురుబొంగుల మీద ఆరేసిన బట్టలు గాలికి ఊగి దీపానికి తగిలే ఎత్తులో ఉంటాయి. ఒక ఇత్తడి పళ్ళెంలో పలచగా ఇసుక పోసి, దాని మీద ప్రమిదలు అమర్చుకుంటే నూనె నేలకు అంటదు, గాలికి ఒరగదు. గాలి ఎక్కువగా వీచే పై అంతస్తుల్లో ఉంటే, నూనెదీపాలు ఒక ఐదు పెట్టుకుని, తక్కినవి బ్యాటరీ దీపాలు పెట్టుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. ప్రైవేటు కండోలో, అంటే ప్రైవేటు అపార్ట్‌మెంట్ల సముదాయంలో ఉంటే, కారిడార్‌లో దీపాలకు అనుమతి ఉందో లేదో దాని నిర్వహణ కార్యాలయాన్ని ముందే అడగండి.

ముగ్గుకు తడి పిండి వద్దు. బియ్యప్పిండితో పొడిముగ్గే వేయండి, చిన్నదిగా వేయండి. నున్నని పలకల మీద రంగులపొడి కాలికి జారుతుంది, పైగా ఎదురింటి ముసలాయన చేతికర్రతో నడుస్తాడు. ముగ్గును తెల్లవారుజామున వేస్తే ఏమవుతుందో కూడా నాకు తెలిసింది. ఒక ఏడు నా భార్య ఐదింటికి లేచి గంటసేపు కూర్చుని పద్నాలుగు చుక్కల ముగ్గు వేసింది. కారిడార్ ఊడ్చే బంగ్లాదేశ్ కుర్రవాడు తన వేళకు వచ్చి, పిండి ఒలికిందనుకుని, శుభ్రంగా తుడిచి వెళ్ళిపోయాడు. తలుపు తీసేసరికి చుక్క కూడా లేదు, తడి ఆరుతున్న నేల మాత్రమే ఉంది. అతణ్ణి తప్పు పట్టడానికి ఏముంది? అతని పని అతను చేశాడు. మరుసటి ఏడు ముందురోజే అతణ్ణి ఆపి, సంగతి చెప్పి, చేతిలో ఒక మిఠాయి డబ్బా పెట్టాము. మీరు కూడా అలాగే చేయండి.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఉరుళిలో, అంటే వెడల్పాటి లోహపు గిన్నెలో, నీళ్ళు పోసి పూలరేకులు తేలవేస్తే అందంగానే ఉంటుంది గాని, ఇది డెంగీ ఉన్న ఊరు. నిలవ నీటిలో దోమలు పెరిగితే ఇంటివారికి జరిమానా పడుతుంది. ఆ నీటిని రోజూ పారబోసి, గిన్నె తోమి, కొత్త నీరు పోయండి. 2018 జూన్ నుంచి కొత్త ఇళ్ళలో పొగ కనిపెట్టే అలారం తప్పనిసరి అయింది. సాంబ్రాణి వేసే చోటు ఆ అలారానికి దూరంగా, కిటికీకి దగ్గరగా ఉండేటట్టు చూసుకోండి.

పిండివంటలు, పంపకాలు

జంతికలు ఇక్కడ అందరికీ తెలిసినవే. తమిళులు వాటిని 'మురుక్కు' అంటారు. చైనావారూ మలయ్‌వారూ కూడా ఆ పేరుతోనే ఎరుగుదురు. అందువల్ల మొదటి పరిచయానికి జంతికలే మంచివి. మన సున్నుండలు, కజ్జికాయలు, అరిసెలు రెండో విడతలో పంపండి. తీపి ఎక్కువ తినే అలవాటు లేని పెద్దవారికి పాకం గట్టిగా ఉన్న అరిసె కొరకడమే కష్టం. జీడిపప్పు, వేరుసెనగ పడనివారు ఆఫీసుల్లో తరచుగా ఉంటారు కాబట్టి డబ్బా మూతమీద ఏమేమి వేశారో రాసి అంటించండి.

మలయ్ పొరుగువారికి ఇచ్చేటప్పుడు కొంచెం ఆలోచన అవసరం. దేవుడికి నైవేద్యం పెట్టిన పదార్థాన్ని తినడానికి వారిలో చాలామంది ఇష్టపడరు. వారి వాటాను నైవేద్యానికి ముందే పక్కకు తీసి, ఆ మాట వారికి నేరుగా చెప్పండి. చెప్పకుండా ఇస్తే, కాదనలేక తీసుకుని ఇబ్బంది పడతారు. చెబితే హాయిగా తింటారు. ఇంటి వంట విషయంలో వారు సంకోచిస్తారనిపిస్తే, హలాల్ గుర్తు ఉన్న మిఠాయి పొట్లం కొని ఇవ్వడంలో తప్పు లేదు. కుడిచేత్తో ఇవ్వాలన్న నియమం వారికీ మనకూ ఒకటే.

చైనా ఇళ్ళలో మరో విశేషం గమనించండి. వారి చాంద్రమాన నెల అమావాస్యతోనే మొదలవుతుంది కాబట్టి, వారి నెల మొదటి రోజు మన దీపావళి నాడో మరునాడో వస్తుంది. నెలకు మొదటి రోజున, పదిహేనో రోజున శాకాహారమే తినే బౌద్ధ పెద్దలు ఉంటారు. వారి శాకాహారంలో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. మా అమ్మమ్మ వంటింటి కట్టుబాటు ఎదురింటి ఆంటీకి కూడా ఉందని తెలిసిన రోజు నాకు ఎంత ఆశ్చర్యం కలిగిందో చెప్పలేను. ఉల్లి వేయని పులిహోర ఆ ఇంటికి నిస్సంకోచంగా పంపవచ్చు.

పంపే పాత్ర విషయం: తిరిగి రాకపోయినా బాధపడనక్కరలేని డబ్బాలో పంపండి. మనలాగే ఇక్కడ కూడా చాలా ఇళ్ళలో ఖాళీ పాత్ర తిరిగి ఇవ్వరు. అందులో ఏదైనా వేసి ఇవ్వడానికి వారికి సమయం కావాలి.

పండుగ ఉదయం

ఈ కాలంలో సింగపూరులో సూర్యోదయం దాదాపు 6:45కి అవుతుంది. నాలుగింటికే లేవనక్కరలేదు, ఐదున్నరకు లేచినా తెల్లవారకముందే తలంటు ముగుస్తుంది. నూనె పడిన స్నానాలగది నేల మీద పిల్లలు జారకుండా ముందుగా రబ్బరు చాప పరవండి. తలంటయ్యాక ఫోను చేసిన తమిళ మిత్రుడు 'గంగాస్నానం ఆచ్చా?' అని అడిగితే కంగారు పడకండి. ఆ ఉదయపు స్నానాన్ని వారు అలా పలకరిస్తారు. అయిందని చెబితే చాలు.

తర్వాత అతిథిగా వెళ్ళే వంతు. పిలిచినవారి ఇంటికి పదకొండు గంటల ప్రాంతంలో వెళ్ళండి. వారు అప్పటికి గుడికి వెళ్ళివచ్చి, పెద్దల కాళ్ళకు మొక్కి ఉంటారు. వట్టి చేతులతో వెళ్ళకండి, పండ్లో మిఠాయో తీసుకువెళ్ళండి. చాలా తమిళ ఇళ్ళలో ఆ ఉదయం ఇడ్లీ, దోసెలతో మాంసం కూర వండుతారు. పండుగ నాడు మాంసమా అని మీరు ముఖం చిట్లిస్తే వారికి కష్టం కలుగుతుంది. శాకాహారులైతే పిలిచినప్పుడే చెప్పండి. వారు సంతోషంగా వేరే పెడతారు. ఎంత ఆకలి లేకపోయినా ఒక మురుక్కు ముక్క తినకుండా లేవకండి. వయసులో పెద్దవారిని ఇక్కడ ఏ జాతివారైనా ఆంటీ, అంకుల్ అనే పిలుస్తారు, పేరు పెట్టి పిలవరు. పిల్లలున్న ఇంట్లో చిన్న కవరులో డబ్బు పెట్టి ఇస్తారు. మన లెక్కలో 11, 21 డాలర్లు శుభం, చైనా పిల్లలకు ఇచ్చేటప్పుడు సరిసంఖ్య ఇవ్వండి, నాలుగు మాత్రం వద్దు. గంట దాటి కూర్చోకండి. ఆ రోజు వారు ఇంకా నాలుగిళ్ళకు వెళ్ళాలి.

ఈ ఊళ్ళో ఎవరూ తెలియదనుకునేవారు 1975లో ఏర్పడిన సింగపూరు తెలుగు సమాజంలో ముందుగా పరిచయాలు చేసుకుంటే మంచిది. అయితే పండుగంతా తెలుగువారి మధ్యనే గడిపివేయకండి. అలా గడపాలంటే టికెట్టు కొనుక్కుని మన ఊరికే వెళ్ళవచ్చు.

సాయంత్రం మీ ఇంట్లో

సూర్యాస్తమయం 6:50 ప్రాంతంలో. అక్టోబరు, నవంబరు నెలల్లో సాయంత్రం ఉరుములతో వాన పడడం ఇక్కడ మామూలే కాబట్టి, ఆరింటికల్లా ప్రమిదలు బయట పేర్చకుండా, వత్తులు నూనెలో నానబెట్టి లోపలే ఉంచండి. అతిథులను ఏడున్నరకు పిలవండి. ఏడింటికి మీరు లక్ష్మీపూజ చేసుకుని, హారతి సమయానికి వారు వచ్చేటట్టు చూసుకుంటే, కూర్చోలేక ఇబ్బంది పడే విదేశీయులకు పూజ భారంగా అనిపించదు. కథ మొత్తం చెప్పకండి. నరకాసురుణ్ణి సత్యభామ చంపిందన్న ఒక్క ముక్క చెప్పండి. రాముడు అయోధ్యకు తిరిగివచ్చిన కథ మాత్రమే విన్న సహోద్యోగులు ఈ మాటకు కుర్చీల్లో ముందుకు వంగుతారు.

పిలిచేటప్పుడే చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. ఏమి తేవాలని వారు అడుగుతారు. 'ఏమీ వద్దు' అని మర్యాదకు అంటే వైను సీసా తెస్తారు. పూలు గాని పండ్లు గాని తెమ్మని స్పష్టంగా చెప్పడం ఇద్దరికీ సుఖం. చీర, కుర్తా కట్టుకోవచ్చా, కట్టుకుంటే అతి చేసినట్టు అవుతుందా అని కొందరు సంకోచిస్తారు. కట్టుకుంటే మాకు సంతోషమని చెప్పండి, నలుపు మాత్రం పెద్దలకు నచ్చదని చెప్పండి. చెప్పులు విడవాలని చెప్పే పని లేదు, ఈ ఊళ్ళో ఏ ఇంట్లోనైనా అదే ఆచారం.

బొట్టు పెట్టేముందు ప్రతి ఒక్కరినీ అడగండి. హారతి కళ్ళకద్దుకోవడం, అక్షతలు వేయించుకోవడం కూడా అంతే. ముస్లిం, క్రైస్తవ మిత్రులు కొందరు పక్కన నిలబడి చూస్తారు, కొందరు సరదాగా అన్నీ చేస్తారు. ఎవరు ఏది చేసినా దాని మీద వ్యాఖ్య చేయకండి. అందరూ కలిసి చేయగలిగినది దీపాలు వెలిగించడం. ఒక కుందిలో నూనెదీపం ముందు మీరు వెలిగించి, దాని నుంచి ఒక్కొక్కరి చేత ఒక్కొక్క ప్రమిద వెలిగింపజేయండి. అగ్గిపెట్టె చేతికి ఇస్తే వత్తి కొసను మాడ్చేస్తారు. వెలుగుతున్న వత్తికి ఇంకో వత్తిని ఎలా తాకించాలో ఒకసారి చూపిస్తే చాలు. మా ఇంట్లో ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి, పక్కింటి మలయ్ పిల్లవాడు గుమ్మానికి చెరో పక్క కూర్చుని, గాలికి ఆరిపోయిన దీపాన్ని మళ్ళీ మళ్ళీ వెలిగిస్తూ గంటసేపు లోపలికి భోజనానికే రాలేదు.

వెలుగుతున్న దీపాలను వదిలి అందరూ లోపలికి వెళ్ళకండి. భోజనాల వేళ పెద్దవారు ఒకరు గుమ్మం దగ్గర ఉండాలి, వంతులు వేసుకోండి. రాత్రి పది దాటితే పాటలూ మాటలూ తగ్గించండి. పడుకునేముందు కారిడార్‌లో దీపాలన్నీ పూవుతోనో ఆకుతోనో ఆర్పి, లోపల దేవుడి దగ్గర ఒక్కటి మిగల్చాలనుకుంటే, దాన్ని నీళ్ళు పోసిన పళ్ళెంలో పెట్టి, కిటికీ తెరలను ముడివేయండి.

మరునాడు

నూనె మరకలు ఆరిపోకముందే తుడవండి. మొదట పొడి బియ్యప్పిండి చల్లి, నూనె పీల్చాక ఊడ్చి, తర్వాత సబ్బునీళ్ళతో కడిగితే పలకల మీద మచ్చ మిగలదు. ముగ్గు పిండికి చీమలూ పావురాలూ వస్తాయి, దాన్ని రెండో రోజు దాటనీయకండి. వాడిన పూలదండలు కాలువలోకో రిజర్వాయరులోకో వదలకుండా చెత్తసంచిలో కట్టి వేయండి. రాలేకపోయిన పొరుగువారి తలుపు తట్టి, మిగిలిన జంతికలు ఇచ్చి రండి.

మీరు పంపిన డబ్బా చాలా కాలం తిరిగి రాకపోతే గుర్తు చేయకండి. మా ఎదురింటి ఆంటీ మా డబ్బాను జనవరి, ఫిబ్రవరి నెలల్లో చైనా నూతన సంవత్సరానికి అనాసపండు జాముతో చేసిన చిన్న బిస్కత్తులు నింపి తెస్తారు. అప్పుడు మీరు వారి ఇంటికి వెళ్ళేటప్పుడు రెండు కమలాపండ్లు, రెండు చేతులతో పట్టుకుని ఇవ్వండి. ఒకటి ఇవ్వకూడదు. తిరిగి వచ్చేటప్పుడు వారు మీ చేతిలో వేరే రెండు పెడతారు.